హీమోఫీలియా బి: ఒక్క అక్షరంతో మారిపోయే చికిత్స

క్లుప్తంగా: రక్తం సరిగా గడ్డకట్టని జన్యుపరమైన జబ్బు హీమోఫీలియా. అందులో ఎ, బి రకాలు పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ వాటిలో లోపించే, ఫ్యాక్టర్లు అనే గడ్డకట్టించే ప్రొటీన్లు వేరు. బి రకానికి కావలసింది ఫ్యాక్టర్-9. దాని మోతాదు లెక్క, డోసుల మధ్య వ్యవధి, తొలి డోసుల నాటి జాగ్రత్తలు ఎ రకానికి భిన్నంగా ఉంటాయి. రీకాంబినెంట్ ఫ్యాక్టర్-9, అంటే జన్యువు చేర్చిన కణాల్లో పండించే రకం, ఎలా తయారవుతుంది, ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచి తీసిన దానికంటే ఎక్కువ యూనిట్లు ఎందుకు పడతాయి, గోదావరి డెల్టాలోని కుటుంబాలకు ఈ తేడాలు ఏ రూపంలో ఎదురవుతాయి అన్నది ఈ వ్యాస విషయం.

కొన్నేళ్లుగా హీమోఫీలియా గురించి ఆశ కలిగించే వార్తలు వస్తున్నాయి. రక్తనాళం వెతకనక్కరలేకుండా చర్మం కింద వారానికో నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ వచ్చిందని ఒక వార్త, వెల్లూరులో జన్యు చికిత్స ఫలించిందని మరొకటి, ఒకే ఒక్క డోసుకు కోట్ల రూపాయలు పలికే మందు గురించి ఇంకొకటి. అమలాపురంలోనో భీమవరంలోనో వారానికి రెండుసార్లు పిల్లవాడి చేతికి సూది వేయించుకుంటున్న తల్లిదండ్రులు ఇవి విని, తమ బిడ్డకు కూడా అదే ఇవ్వమని అడగడం సహజం. అయితే ఆ పిల్లవాడి కాగితాల మీద ఉన్నది ‘ఎ’ కాక ‘బి’ అయితే, ఈ వార్తల్లో కొన్ని అతనికి వర్తించవు. ఎందుకు వర్తించవో తెలియకపోతే డాక్టరు మందు దాచిపెడుతున్నాడన్న అనుమానం మిగులుతుంది. కారణం తెలిస్తే, అతనికి నిజంగా పనికివచ్చే మందును సరైన మోతాదులో రాబట్టుకోవడం సాధ్యమవుతుంది.

రెండు జబ్బులని తెలిసిన తీరు

చాలాకాలం వైద్యులు హీమోఫీలియాను ఒకే జబ్బుగా భావించారు. 1947లో అర్జెంటీనా వైద్యుడు ఆల్ఫ్రెడో పావ్‌లోవ్‌స్కీ ప్రయోగశాలలో ఒక విచిత్రం బయటపడింది. ఇద్దరు హీమోఫీలియా రోగుల రక్తాన్ని కలిపినప్పుడు, విడివిడిగా గడ్డకట్టని ఆ రెండు నమూనాలూ కలిశాక గడ్డకట్టాయి. ఒకరి రక్తంలో లేనిది రెండోవారి రక్తంలో ఉందన్నమాట. 1952 డిసెంబరులో ఇంగ్లండ్ పరిశోధకులు ఈ రెండో రకాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించి, తాము పరీక్షించిన ఐదేళ్ల బాలుడు స్టీఫెన్ క్రిస్మస్ ఇంటిపేరుతో దానిని క్రిస్మస్ వ్యాధి అన్నారు. ఇప్పుడు హీమోఫీలియా బి అంటున్నది దానినే. ఆ బాలుడు పెద్దవాడయ్యాక, రక్త మార్పిడి వల్ల సోకిన ఎయిడ్స్‌తో 1993లో మరణించాడు. దాతల రక్తంతో ప్రమేయం లేని మందు ఈ రోగులకు ఎందుకంత అవసరమైందో ఆయన జీవితమే చెబుతుంది.

ఎ రకం సుమారు 5,000 మంది మగశిశువుల్లో ఒకరికి వస్తే, బి రకం సుమారు 30,000 మందిలో ఒకరికి వస్తుంది. ఈ అరుదుతనం వల్లే బి రోగికి కష్టాలు ఎదురవుతాయి. హీమోఫీలియా అనే మాట వినగానే వైద్య సిబ్బందికి ముందుగా తోచేది ఎ రకం చికిత్సే.

కాలువలు, షట్టరు

రక్తం గడ్డకట్టే ప్రక్రియను 1964లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా వివరించాయి. ఒకరు దానిని మెట్లమెట్లుగా దిగే ప్రవాహంతోనూ, మరొకరు జలపాతంతోనూ పోల్చారు. డెల్టావాసులకు కాలువలే దగ్గరి ఉదాహరణ. ధవళేశ్వరం వద్ద వదిలిన నీరు ప్రధాన కాలువలోకి, అక్కడి నుంచి పిల్ల కాలువల్లోకి, చివరికి బోదెల ద్వారా చేలోకి చేరినట్టే, గాయమైన చోట ఒక ప్రొటీన్ తర్వాతి ప్రొటీన్‌ను మేల్కొలుపుతూ పోయి చివరికి ఫిబ్రిన్ అనే దారాల వల అల్లుకుంటుంది. ఆ వలే గాయాన్ని మూసి నిలబెడుతుంది.

ఈ దారి మధ్యలో ఒక ముఖ్యమైన షట్టరు ఉంది. దానిని ఎత్తాలంటే ఇద్దరు కలిసి పట్టాలి. ఆ ఇద్దరే ఫ్యాక్టర్-8, ఫ్యాక్టర్-9. నిజానికి కోత పని చేసే ఎంజైమ్ ఫ్యాక్టర్-9. అది ఫ్యాక్టర్-10ను కోసి చైతన్యవంతం చేస్తుంది. ఫ్యాక్టర్-8 ఆ రెండింటినీ ప్లేట్‌లెట్ల ఉపరితలం మీద సరైన భంగిమలో దగ్గరగా పట్టి ఉంచే సహాయకుడు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా షట్టరు లేవదు, కింది చేను ఎండుతుంది. అందువల్లే రెండు జబ్బుల లక్షణాలూ ఒకేలా ఉంటాయి. దోగాడే వయసులో మోకాళ్ల మీద నల్లటి కముకు దెబ్బలు, పాలపళ్లు ఊడినప్పుడు ఆగని రక్తం, తర్వాత మోకాలు, చీలమండ, మోచేయి కీళ్లలోకి లోలోపలే రక్తస్రావం. కంటితో చూసి ఇది ఎ, ఇది బి అని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ అనే పరీక్ష రెండింటిలోనూ ఒకే విధంగా ఆలస్యం చూపుతుంది. తేడా తేల్చేది ఫ్యాక్టర్ స్థాయిని విడిగా కొలిచే పరీక్ష ఒక్కటే. ఫ్యాక్టర్-9 ఒక శాతం కంటే తక్కువ ఉంటే తీవ్రం, 1 నుంచి 5 శాతం వరకు మధ్యస్థం, 5 నుంచి 40 శాతం వరకు స్వల్పం అంటారు. పుట్టిన తొలి నెలల్లో ఆరోగ్యవంతులైన శిశువుల్లో కూడా ఫ్యాక్టర్-9 తక్కువగానే ఉంటుంది కనుక, స్వల్పస్థాయి బి రకాన్ని ఆరు నెలలు దాటాక మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి.

ఇక్కడ రెండు అపోహలు తొలగాలి. రక్తనిధి నుంచి తెచ్చే క్రయోప్రెసిపిటేట్‌లో ఫ్యాక్టర్-8 ఉంటుంది, ఫ్యాక్టర్-9 ఉండదు. ఎ రోగికి ప్రాణం నిలిపే ఆ సంచి బి రోగికి ఏ మేలూ చేయదు. వేరే దారి లేనప్పుడు బి రోగికి పనికివచ్చేది తాజాగా తీసి అతిశీతలంలో ఘనీభవింపజేసిన ప్లాస్మా. అందులో ఒక మిల్లీలీటరుకు దాదాపు ఒక యూనిట్ ఫ్యాక్టర్-9 మాత్రమే ఉంటుంది కాబట్టి, తగినంత స్థాయికి చేర్చేలోపే ఒంట్లో ద్రవం ఎక్కువైపోతుంది. రెండో అపోహ విటమిన్-కె ఇంజెక్షన్. ఫ్యాక్టర్-9 తయారీలో చివరి మెరుగుకు విటమిన్-కె అవసరమే, కానీ లోపం జన్యువులోనే ఉన్నప్పుడు మెరుగు పెట్టడానికి అక్కడ ప్రొటీనే సరిగా ఉండదు. పైగా ఆ ఇంజెక్షన్‌ను కండలోకి ఇస్తే అక్కడే కొత్త రక్తస్రావం మొదలవుతుంది.

కణాల్లో పండించే మందు

1970, 80 దశకాల్లో వేలమంది దాతల ప్లాస్మాను కలిపి తీసిన ఫ్యాక్టర్ పొడి ద్వారా ప్రపంచవ్యాప్తంగా ఎంతోమంది హీమోఫీలియా రోగులకు హెచ్ఐవీ, హెపటైటిస్-సి సోకాయి. ఆ విషాదం నడుస్తున్న కాలంలోనే, 1982లో, ఫ్యాక్టర్-9 జన్యువును శాస్త్రవేత్తలు వేరుచేయగలిగారు. అయితే జన్యువు చేతికందిన తర్వాత మందు మార్కెట్‌లోకి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. తొలి రీకాంబినెంట్ ఫ్యాక్టర్-9 అయిన నోనాకాగ్ ఆల్ఫా, బెనిఫిక్స్ పేరుతో 1997లో అమెరికాలో అనుమతి పొందింది.

ఆలస్యానికి కారణం ఆ ప్రొటీన్ స్వభావంలోనే ఉంది. ఇన్సులిన్‌ను బ్యాక్టీరియాతో తయారు చేయవచ్చు. ఫ్యాక్టర్-9 అలా లొంగదు. 415 అమైనో ఆమ్లాల ఆ గొలుసులో మొదటి భాగంలోని 12 గ్లుటామిక్ ఆమ్లాలకు విటమిన్-కె సాయంతో అదనపు రసాయన గుంపు తగిలించాలి. అప్పుడే అది కాల్షియంను పట్టుకుని ప్లేట్‌లెట్ల మీద కుదురుకోగలుగుతుంది. ఆపై చక్కెర గొలుసులు కూడా సరిగా అతకాలి. బ్యాక్టీరియాకు ఈ పనితనం లేదు. అందువల్ల చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి వచ్చిన కణాల్లో మానవ జన్యువును చేర్చి, పెద్ద పాత్రల్లో వాటిని పెంచి, అవి విడుదల చేసిన ప్రొటీన్‌ను శుద్ధిచేసి పొడిగా మారుస్తారు. ఇందులో ఎక్కడా మనిషి రక్తం ప్రమేయం ఉండదు.

దీని అర్థం ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్-9 ప్రమాదకరమని కాదు. వైరస్‌లను నిర్వీర్యం చేసే ద్రావక ప్రక్రియలు, వేడి చేయడం, అతి సూక్ష్మ వడపోత వచ్చిన తర్వాత ఆ మందుల భద్రత ఎంతో మెరుగుపడింది. రక్తం కారుతున్న కీలుతో ఆసుపత్రికి చేరిన వ్యక్తి, రీకాంబినెంట్ లేదన్న కారణంతో శుద్ధిచేసిన ప్లాస్మా ఫ్యాక్టర్-9ను నిరాకరించడం పొరపాటు. ఫ్యాక్టర్-9తో పాటు 2, 7, 10 కూడా కలిసి ఉండే ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ అనే పాత తరహా మందు విషయం వేరు. దానిని పెద్ద మోతాదుల్లో పదేపదే ఇస్తే అనవసరమైన చోట రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది కనుక, వేరే మందు అందుబాటులో ఉంటే దానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

లెక్క తప్పే చోటు

ఈ విషయంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేదీ, అన్నిటికంటే తేలికగా నివారించగలిగేదీ మోతాదు లెక్క దగ్గరే. ఫ్యాక్టర్-8ను కిలో బరువుకు ఒక యూనిట్ ఇస్తే రక్తంలో దాని స్థాయి సుమారు 2 శాతం పెరుగుతుంది. ప్లాస్మా నుంచి తీసిన ఫ్యాక్టర్-9 అయితే 1 శాతమే పెరుగుతుంది. రీకాంబినెంట్ నోనాకాగ్ ఆల్ఫా పెద్దవారిలో సుమారు 0.8 శాతం, పదిహేనేళ్ల లోపు పిల్లల్లో సుమారు 0.7 శాతం మాత్రమే పెంచుతుంది.

ఫ్యాక్టర్-9 చిన్న ప్రొటీన్ కావడం వల్ల రక్తనాళాల గోడలు దాటి బయటి కణజాలంలోకి చేరి, అక్కడి కొలాజెన్‌కు అతుక్కుంటుంది. ఇచ్చిన దానిలో కొంత అలా దాగిపోతుంది కాబట్టి రక్తంలో కనిపించేది తక్కువ. హ్యామ్‌స్టర్ కణాల్లో తయారైన ప్రొటీన్‌కు రెండు చోట్ల అతకవలసిన చిన్న రసాయన గుంపులు మానవ ప్రొటీన్‌లో ఉన్నంతగా అతకకపోవడం రీకాంబినెంట్‌లో కనిపించే అదనపు తగ్గుదలకు కారణమని భావిస్తున్నారు.

పన్నెండేళ్లు, 40 కిలోల బరువు ఉన్న ఒక బాలుడిని ఉదాహరణగా తీసుకుందాం. మోకాలిలో రక్తస్రావానికి ఫ్యాక్టర్ స్థాయిని 40 నుంచి 60 శాతం మధ్యకు తేవాలన్నది ప్రామాణిక సూచన కనుక లక్ష్యం 50 శాతం అనుకుందాం. ప్లాస్మా ఫ్యాక్టర్-9 అయితే 2,000 యూనిట్లు కావాలి. రీకాంబినెంట్ అయితే ఆ 2,000ను 0.7తో భాగించాలి, అంటే సుమారు 2,860 యూనిట్లు. సీసా తెరిచాక మిగిలినది పారేయకూడదు కాబట్టి ఆచరణలో ఇది 3,000 అవుతుంది. అలవాటుకొద్దీ ఎవరైనా ఎ రకం సూత్రం వాడితే వచ్చే అంకె 1,000. ఆ 1,000 యూనిట్ల రీకాంబినెంట్ ఫ్యాక్టర్-9తో బాలుడి స్థాయి 17 శాతం దగ్గరే ఆగిపోతుంది. మందు ఇచ్చారు, డబ్బు ఖర్చయింది, మోకాలు మాత్రం తగ్గలేదు. అప్పుడు నింద మందు మీదకు పోతుంది.

ఈ లెక్కకు ఊరటనిచ్చే రెండో పార్శ్వం కూడా ఉంది. ఫ్యాక్టర్-8 సగం మోతాదు 8 నుంచి 12 గంటల్లో ఖర్చయిపోతే, ఫ్యాక్టర్-9కు 18 నుంచి 24 గంటలు పడుతుంది. అందువల్ల పెద్ద రక్తస్రావాల్లో ఎ రోగికి రోజుకు రెండు మూడుసార్లు ఇవ్వవలసి వస్తే బి రోగికి సాధారణంగా రోజుకు ఒకసారి సరిపోతుంది.

ఆపడం కంటే రానివ్వకపోవడం

కీలులోకి వచ్చిన రక్తంలోని ఇనుము లోపలి పొరను రెచ్చగొడుతుంది. వాచిన ఆ పొరలో కొత్త రక్తనాళాలు పుట్టి మళ్లీ సులువుగా చిట్లుతాయి. ఒకే మోకాలికి పదేపదే వస్తున్నదంటే ఈ వలయం మొదలైందని అర్థం. చివరకు మృదులాస్థి అరిగి కాలు ముడుచుకుపోతుంది. రక్తం వచ్చినప్పుడల్లా ఫ్యాక్టర్ ఇవ్వడం ఈ వలయాన్ని ఆపలేదు. రక్తస్రావం లేనప్పుడు కూడా క్రమం తప్పక ఇచ్చే ముందస్తు చికిత్సే ఆపగలదు.

ప్రపంచ హీమోఫీలియా సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో ఫ్యాక్టర్-9 ముందస్తు చికిత్సకు అధిక మోతాదు కిలోకు 40 నుంచి 60 యూనిట్లు, మధ్యస్థం 20 నుంచి 40, తక్కువ మోతాదు 10 నుంచి 15 యూనిట్లు, ఏదైనా వారానికి రెండుసార్లు. పైన చెప్పిన బాలుడికి తక్కువ మోతాదు పద్ధతిలో వారం మొత్తానికి పట్టేది 800 నుంచి 1,200 యూనిట్లు. ఒక్క మోకాలి రక్తస్రావానికి వేసిన 2,860 యూనిట్లతో దాదాపు మూడు వారాల నివారణ సాగుతుందన్నమాట. మందు పరిమితంగా దొరికే చోట ముందస్తు చికిత్స విలాసం అన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క పోలికే నిలవనివ్వదు. నెలకు రెండు మూడు రక్తస్రావాలు వచ్చే పిల్లవాడి విషయంలో, అన్నిటికీ పూర్తి మోతాదు ఇస్తే ఆసుపత్రి ఎక్కువ ఖర్చుతో తక్కువ ఫలితం పొందుతున్నట్టే లెక్క.

దీర్ఘకాలం పనిచేసే కొత్త రీకాంబినెంట్‌లు ఈ వ్యవధిని ఇంకా పెంచాయి. 2014లో అనుమతి పొందిన ఎఫ్‌ట్రెనోనాకాగ్ ఆల్ఫాలో ఫ్యాక్టర్-9కు యాంటీబాడీ తోక భాగాన్ని, 2016లో వచ్చిన ఆల్బుట్రెపెనోనాకాగ్ ఆల్ఫాలో ఆల్బుమిన్‌ను జతచేశారు. రక్తనాళాల గోడ కణాలు ప్రొటీన్లను మింగి జీర్ణం చేసేటప్పుడు ఈ రెండు తోకలనూ గుర్తుపట్టి తిరిగి రక్తంలోకి వదిలేస్తాయి. 2017లో వచ్చిన నోనాకాగ్ బీటా పెగోల్‌కు మరో రకం రసాయన గొలుసు తగిలించారు. వీటి అర్ధాయువు (సగం మందు ఖర్చయ్యే సమయం) 80 నుంచి 100 గంటల పైచిలుకు, అంటే వారానికి ఒకసారి, కొందరికి పది పద్నాలుగు రోజులకు ఒకసారి. ఫ్యాక్టర్-8కు ఇదే విద్య ప్రయోగిస్తే మొదట్లో దక్కిన లాభం ఒకటిన్నర రెట్లే. ఎప్పుడూ వెనుకబడే బి రోగులకు ముందుగా మేలు జరిగిన అరుదైన సందర్భం ఇది.

తొలి ఇరవై డోసులు

బయటి నుంచి ఇచ్చిన ఫ్యాక్టర్‌ను శరీరం పరాయిదిగా భావించి ఇన్హిబిటర్లు అనే ప్రతిరోధకాలను తయారు చేయడం ఎ రకంలో ఎక్కువ, బి రకంలో 5 శాతం లోపే. కానీ బి రకంలో వచ్చినప్పుడు తీవ్రత ఎక్కువ. ఫ్యాక్టర్-9 డోసుతోనే ప్రాణాపాయకరమైన అలర్జీ రావచ్చు, చికిత్స కొనసాగిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే తొలి 10 నుంచి 20 డోసులను అత్యవసర సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే ఇవ్వాలని నిపుణులు పట్టుబడతారు. ఇంట్లోనే ఫ్యాక్టర్ ఎక్కించుకోవడం నేర్చుకోవలసిన విద్యే. అది ఈ దశ దాటిన తర్వాత. ఇన్హిబిటర్ వచ్చినవారిలో రక్తం ఆపడానికి రీకాంబినెంట్ ఫ్యాక్టర్-7ఎ అనే వేరే మందు వాడతారు.

వార్తల్లోని మందులు ఎవరికి

చర్మం కింద ఇచ్చే ఎమిసిజుమాబ్ పేరు కుటుంబాలు తరచూ వింటున్నాయి. అది ఫ్యాక్టర్-8 చేసే పట్టుకునే పనిని తాను చేస్తుంది, ఫ్యాక్టర్-9ను, ఫ్యాక్టర్-10ను దగ్గరికి చేరుస్తుంది. షట్టరు పోలికలో చెప్పాలంటే, రాని సహాయకుడి స్థానంలో నిలబడిన మనిషి. బి రోగిలో లేనిది కోత కోసే మనిషే కనుక ఈ సహాయకుడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల బృందం 2024 డిసెంబరులో ప్రకటించిన జన్యు చికిత్స ఫలితాలు కూడా తీవ్రమైన ఎ రకం ఉన్న ఐదుగురికి సంబంధించినవే.

బి రకానికి 2022 నవంబరులో అమెరికా అనుమతించిన ఎట్రానాకోజీన్ అనే జన్యు చికిత్స ధరను అప్పట్లో 35 లక్షల డాలర్లుగా నిర్ణయించారు. ఇటలీలోని పాడువా నగర కుటుంబం ఒకదానిలో బయటపడిన, సాధారణం కంటే ఎన్నో రెట్లు చురుకైన ఫ్యాక్టర్-9 రూపాన్ని అది కాలేయ కణాల్లోకి చేరుస్తుంది. ఇది పెద్దవారికే. గడ్డకట్టడాన్ని అడ్డుకునే సహజ ప్రొటీన్లను తగ్గించి త్రాసును సరిచేసే మార్స్‌టాసిమాబ్, కాన్సిజుమాబ్, ఫిటుసిరాన్ మాత్రం ఎ, బి రెండింటికీ పనిచేస్తాయి. బి కుటుంబాలు ఆశగా చూడవలసింది వీటి వైపు. అయితే వీటిలో అనవసరపు గడ్డల ముప్పు ఉంది, శస్త్రచికిత్సలోనూ మధ్యలో వచ్చే రక్తస్రావంలోనూ ఫ్యాక్టర్-9 అవసరం తీరదు.

మేనరికం, తల్లి మీద నింద

ఫ్యాక్టర్-9 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. హీమోఫీలియా ఉన్న తండ్రి నుంచి కొడుకులకు జబ్బు రాదు, కూతుళ్లందరూ వాహకులు, అంటే లోపమున్న జన్యువును మోసేవారు, అవుతారు. వాహకురాలైన తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ జబ్బు వచ్చే అవకాశం సగం. సుమారు మూడో వంతు కుటుంబాల్లో జబ్బు జన్యువులో కొత్తగా వచ్చిన మార్పు వల్ల మొదలవుతుంది, వంశంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. ‘మీ పుట్టింటి నుంచి తెచ్చావు’ అన్న మాట చాలా ఇళ్లలో అబద్ధం కూడా, అన్ని ఇళ్లలోనూ అన్యాయం.

మేనరికం విషయంలో తేడా గమనించాలి. వరుడికి జబ్బు లేకపోతే బంధుత్వం వల్ల మగపిల్లలకు ముప్పు పెరగదు. కానీ హీమోఫీలియా ఉన్న వ్యక్తి కూతురిని అతని అక్క కొడుకుకు చేసినప్పుడు, ఆ మేనల్లుడికీ జబ్బు ఉంటే, పుట్టే ఆడపిల్లల్లో సగం మందికి వాహకత్వం కాక నిజమైన హీమోఫీలియాయే వచ్చే అవకాశం ఉంది. జబ్బున్న మేనమామ వాహకురాలైన అక్క కూతుర్ని చేసుకున్నా అంతే. సంబంధం కలుపుకునే ముందు ఇరువైపులా ఫ్యాక్టర్ స్థాయిలు, వీలైతే జన్యు పరీక్ష చూసుకోవడం మేలు. వాహక స్త్రీలలో కొందరి ఫ్యాక్టర్-9 కూడా 40 శాతం కంటే తక్కువ ఉంటుంది. గర్భిణిగా ఉన్నప్పుడు ఫ్యాక్టర్-8 దానంతటదే పెరుగుతుంది, ఫ్యాక్టర్-9 చెప్పుకోదగినంత పెరగదు. కాబట్టి బి వాహకురాలికి కాన్పు ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించుకోవాలి.

దూరం, ఎండ, వరద

కీలులో వాపు కనిపించకముందే జలదరింపులాంటి బిగువు తెలుస్తుందని ఈ జబ్బుతో పెరిగినవారు చెబుతారు. ఆ దశలో, రెండు గంటల్లోపు ఇచ్చిన ఫ్యాక్టర్ విలువ మరునాడు ఇచ్చిన రెట్టింపు మోతాదుకు ఉండదు. లంక గ్రామం నుంచి పడవ దాటి, సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగి, ఆపై బస్సులో కాకినాడకో రాజమహేంద్రవరానికో చేరవలసిన కుటుంబానికి ఆ రెండు గంటలు దారిలోనే గడిచిపోతాయి. ఇంట్లో ఒక డోసు ఉంచుకోవడానికి వైద్యులు అనుమతించడం వల్ల ఇక్కడ కలిగే మేలు నగరాల్లో కంటే ఎక్కువ. వరద హెచ్చరిక వచ్చినప్పుడు, రేవులు ఆగిపోకముందే పిల్లవాడిని బంధువుల ఇంటికి పట్టణానికి పంపడం కూడా చికిత్సలో భాగమే.

బెనిఫిక్స్‌లాంటి పొడిని 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచవచ్చు. మే నెలలో డెల్టా ఇళ్లలో వేడి 30 డిగ్రీలు దాటుతుంది కనుక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, గడ్డకట్టే అర మాత్రం పనికిరాదు. ప్రయాణంలో ఐస్ ముక్కలకు సీసా నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి. నీరు కలిపాక మూడు గంటల్లో వాడేయాలి.

మందు అందేలోపు చేసే పనుల్లో కూడా కొన్ని నష్టం చేస్తాయి. వాచిన మోకాలికి వేడి కాపడం, నూనె మర్దన రక్తస్రావాన్ని పెంచుతాయి. కదలకుండా ఉంచడం, గుడ్డలో చుట్టిన ఐస్ కొద్దికొద్దిసేపు పెట్టడం, కాలు ఎత్తుగా ఉంచడం చాలు. ఊళ్లోని ఆర్ఎంపీ వద్ద నొప్పికి తుంటి మీద వేసే ఇంజెక్షన్ కండలో పెద్ద రక్తపు గడ్డకు దారితీస్తుంది. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడకూడదు, పారాసెటమాల్ వాడవచ్చు. చిగుళ్ల రక్తానికి ట్రానెక్సామిక్ ఆమ్లం బిళ్ల ఉపయోగపడుతుంది.

హీమోఫీలియాను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చింది. ధ్రువపత్రం ఉన్నా, దాని మీద జబ్బు పేరు మాత్రమే ఉంటుంది. జేబులో పెట్టుకునే కాగితం మీద ఇంకొన్ని వివరాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉండాలి. హీమోఫీలియా బి అని, ఫ్యాక్టర్-9 ఎంత శాతమో, చివరిసారి చూసిన బరువు, వాడుతున్న మందు పేరు, ఇన్హిబిటర్ ఉన్నదీ లేనిదీ, ‘క్రయో వద్దు’ అన్న మాట. కొబ్బరిచెట్టు కిందనో కాలువగట్టు మీద సైకిలు నుంచో పడి తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు తెలివిగానే మాట్లాడుతున్నా, ఆ కాగితం చూపగానే సిబ్బంది చేయవలసిన మొదటి పని స్థాయిని 60 నుంచి 80 శాతానికి చేర్చే ఫ్యాక్టర్-9 ఎక్కించడం. తల స్కానింగు దాని తర్వాతే.